దిగువ గోదావరి కథలు, ఎగువ గోదావరి నీళ్ళు

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. ఇది భూగోళం లెక్క. మన కథల లెక్కలో అది పదో వంతుకి అటూ ఇటూ తేలుతుంది. పాపికొండల మధ్య మొదలై, రాజమండ్రి బ్రిడ్జి కింద కాసేపు ఫొటోకి నిలబడి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోయి, అంతర్వేది దగ్గరో యానాం దగ్గరో సముద్రంలో కలుస్తుంది. నాసిక్, పైఠాన్, నాందేడ్, బాసర, ధర్మపురి, మంచిర్యాల, కాళేశ్వరం. ఈ ఊళ్ళని ఒరుసుకుంటూ వచ్చిన నీళ్ళకి మన 'గోదావరి సాహిత్యం' షెల్ఫులో చోటు లేదు.

ఆ షెల్ఫంటే నాకు ఇష్టమే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, ముళ్ళపూడి వెంకటరమణ, బి.వి.ఎస్. రామారావు 'గోదావరి కథలు', వంశీ 'మా పసలపూడి కథలు'. ఆఫీసు క్యాబులో, రిలీజ్ రాత్రుళ్ళలో బిల్డు అయ్యేదాకా, వీటిని మళ్ళీ మళ్ళీ చదివినవాణ్ణి. కాబట్టి నా పేచీ వీళ్ళతో కాదు, వీళ్ళని మనం చదువుతున్న తీరుతో. 2027లో గోదావరి పుష్కరాలు. ప్రత్యేక సంచికలూ, సంకలనాలూ, అట్ట మీద పడవ బొమ్మలూ తప్పవు. అవి వచ్చేలోగా ఈ మాట అనేయాలి.

మాది మంచిర్యాల వైపు. మ్యాపు ప్రకారం గోదావరి ఒడ్డు. కానీ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో 'గోదావరోళ్ళు' అని ఒక బ్యాచ్ ఉండేది. అందులో నన్ను కలుపుకోవాలని వాళ్ళకీ తోచలేదు, కలవాలని నాకూ తోచలేదు. మా ఇంట్లో ఆ నదిని ఎవరూ గోదావరి అనేవాళ్ళు కాదు మరి. మా నాయనమ్మకి అది గంగ. "గంగకు పోయి తానం జేసొద్దాం పా" అనేది. ఉత్తర తెలంగాణలో ఇప్పటికీ చాలామందికి అంతే. ఆ మాట అమాయకత్వం అనుకోకండి. ఆదిపర్వంలో అర్జునుడి తీర్థయాత్ర చెబుతూ నన్నయ్య ఇదే నదిని దక్షిణగంగ అన్నాడు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ, ఆదికవి ఒక పక్క. మిగతా ఆధునిక తెలుగు వచనమంతా ఇంకో పక్క.

వంశీ ఒక పుస్తకానికి 'మా దిగువ గోదావరి కథలు' అని పేరు పెట్టారు. గోదావరి పేరున్న పుస్తకాల్లో ఇంత నిజాయితీ ఉన్న టైటిల్ నాకు ఇంకోటి కనపడలేదు. దిగువ అన్నారంటే ఎగువ ఒకటుందని ఒప్పుకున్నట్టే కదా. ఆయన కథల్లో ఊళ్ళ పేర్లు వరసగా దండలా వస్తాయి. తిండి వాసన వస్తుంది. మనుషులకి ఇంటిపేరుతో సహా ఒక నడక, ఒక వెటకారం, ఒక పిచ్చి ఉంటాయి. నవ్విస్తూ తీసుకెళ్ళి చివరి పేరాలో గుండె మెలిపెట్టి వదిలేస్తారు. ఇవన్నీ ఎన్నోసార్లు ఎంతోమంది రాసిన సంగతులే. నేను గమనించిందల్లా ఒకటి: ఆ కథల్లో మనిషి రోజూ తాకే నీళ్ళు ఎక్కువగా కాలవ నీళ్ళు. పసలపూడి రామచంద్రపురం పక్కన, కాలవల లోకంలో ఉన్న ఊరు. గట్టు, రేవు, లాకులు, తూము, వంతెన. నది ఎక్కడో అవతల ఉంటుంది. ఊళ్ళోకి వచ్చేది నది పంపిన వాటా.

మరి ఆ కాలవ ఎక్కణ్ణుంచి వచ్చింది?

1830ల గోదావరి డెల్టా గురించి చదివితే మనకి తెలిసిన కోనసీమ ఎక్కడా దొరకదు. 1832-33లో నందన కరువు. 1839లో కోరింగ మీద పడి ఊళ్ళనీ ఓడల్నీ ఊడ్చుకుపోయిన తుఫాను. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవయ్యేళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు లేరు: చచ్చిపోయారు, లేదా వలసపోయారు. ఇదంతా పక్కన అంత పెద్ద నది ఏటేటా సముద్రంలోకి పారుతుండగానే. ఆ పరిస్థితుల్లో ఆర్థర్ కాటన్ వచ్చి, 1844లో కొలతలు మొదలుపెట్టి, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. ఇసక మీద కట్టాడు. అది మాత్రం కావేరి మీద చోళుల కల్లణై చూసి నేర్చుకున్న విద్య. ఇసకలో రాళ్ళు వేస్తూ పోతే అవి దిగబడుతూ దిగబడుతూ చివరికి ఒకచోట కుదురుకుంటాయి. దాని మీద కట్టుకోవచ్చు. వేల మంది కూలీల్ని సమకూర్చి పని నడిపించిన వీణెం వీరన్న పేరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి స్నానపు సంకల్పంలో కాటన్ దొరని తలిచేవాళ్ళని కూడా చెప్పుకుంటారు. అంత కరువు చూసినవాళ్ళకి ఆ కృతజ్ఞత సహజమే అనిపిస్తుంది నాకు.

ఇక్కడ తేదీలు కాస్త పక్కపక్కన పెట్టి చూడండి. ఆనకట్ట పని మొదలైంది 1847. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో పుట్టింది 1848. శ్రీపాద పుట్టింది 1891. కాలవల్లో పడవలు, పడవల్లో బియ్యం, బియ్యం అమ్మగా వచ్చిన డబ్బుతో బళ్ళు, అచ్చాఫీసులు, పత్రికలు. ఇంత సూటిగా గీత గీస్తే చరిత్రకారులు ఒప్పుకోరని తెలుసు. అగ్రహారాలూ పాండిత్యమూ అక్కడ అంతకు ముందు నుంచీ ఉన్నాయి. కానీ కూర్చుని కథ చదివే తీరిక, చదివి నవ్వుకునే తీరిక ఒక జిల్లా మొత్తానికి ఊరికే రావు. మన ఆధునిక వచనం మొదటి తరం ఆ మిగులు తిని పెరిగింది. అంటే మనం 'అనాది'గా ఉందనుకుని మురిసిపోయే ఆ కొబ్బరితోట, ఆ కాలవగట్టు, ఆ లాకుల దగ్గర సాయంత్రం, ఇవన్నీ కలిపి రెండు శతాబ్దాలు కూడా నిండని ఒక ఇరిగేషన్ సిస్టమ్. నా వృత్తిలో అంటాం, సిస్టమ్ ఎంత బాగా పనిచేస్తే యూజర్‌కి అంత తక్కువ కనపడుతుందని. కాటన్ సిస్టమ్ అంత బాగా పనిచేసింది. కథకులకి కూడా కనపడలేదు.

తమాషా ఏంటంటే, మొదట్లో కనపడింది. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' ధవళేశ్వరంలో మొదలవుతుంది. 1878 నాటి మాట. కాలేజీలో 'మొదటి తెలుగు నవల' అని బిట్టు ప్రశ్నకి చదివి వదిలేసినవాళ్ళు ఇప్పుడు ఒకసారి మొదటి పేజీ తెరవండి. కథ జరిగే ఊరు చెప్పే ముందు ఆయన నదిని నాసిక్ త్ర్యంబకం నుంచి మొదలుపెడతాడు. ఎక్కడో పడమట పుట్టి, దారిలో ఉపనదుల్ని కలుపుకుంటూ ఆ నీళ్ళు ధవళేశ్వరం దాకా ఎలా వచ్చాయో సంస్కృత సమాసాల్లో, ఒక గొప్పింటి ఆడపిల్ల ప్రయాణంలా చెప్తాడు. ఇవాళ ఆ వాక్యాలు మనకి బరువే. ఆ భాష తర్వాత శ్రీపాద చేతిలో వదిలిన తీరు చూస్తే, పోయిందే మంచిదైంది అనిపిస్తుంది కూడా. కానీ భాషతో పాటు ఎగువ కూడా పోయింది. వ్యావహారికం వచ్చాక గోదావరి ఊరికి దగ్గరైంది, యాసకి దగ్గరైంది, మనిషికి దగ్గరైంది. త్ర్యంబకానికి మాత్రం దూరమైంది. తెలుగు నవల మొదటి పేజీలో మొత్తం నది ఉండి, ఆ తర్వాతి నూట నలభై ఏళ్ళలో డెల్టా మాత్రమే మిగలడం మామూలు విషయం కాదు.

సినిమా ఎగువకి వెళ్ళింది కదా అంటారేమో. నిజమే. బాపు-రమణల 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006). ముప్పై మూడేళ్ళ తేడాతో రెండు పడవలు రాజమండ్రిలో బయల్దేరి భద్రాచలం వెళ్ళాయి. రెండూ ఏటికి ఎదురెళ్ళిన కథలే. రెండూ నాకు నచ్చిన సినిమాలే. రెండోది మా బ్యాచ్‌కి ఎంత ఎక్కిందంటే, ఉద్యోగాల్లో చేరిన మొదటి ఏడాది పాపికొండల ట్రిప్ వేయని టీమ్ లేదు. కానీ ఆ పడవల మీద నుంచి మనం చూసింది ఏమిటి? పడవలో ఉన్న మనుషుల్ని. డెక్కే లోకం, ఒడ్డు వాల్‌పేపర్. కొండరెడ్లు, కోయలు, వాళ్ళ ఊళ్ళు, పోడు చేలు, ఇవన్నీ ఆ ఒడ్డునే ఉన్నాయి. పాటల మధ్య మంచులా తేలిపోతాయి. పైగా ప్రయాణం గుడి దగ్గర ఆగిపోతుంది. భద్రాచలం తర్వాత నది లేదన్నట్టు.

'గోదావరి' సినిమా వచ్చేనాటికే పోలవరం పనులు మొదలయ్యాయి. 2014లో ఆ ముంపు కోసమే ఏడు మండలాల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చారు. కదిలించాల్సిన కుటుంబాలు లక్ష దాకా ఉన్నాయి. అంటే మన తరం అతి ఇష్టంగా వాల్‌పేపర్‌గా పెట్టుకున్న ఆ ఒడ్డు, సరిగ్గా మనం దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకున్న కాలంలోనే నీళ్ళ కిందికి పోతూ ఉంది. ముంపు మీద కవితలు రాలేదా, కథలు రాలేదా? వచ్చాయి. వాటిని మనం 'గిరిజన సాహిత్యం' అన్నాం, 'ఉద్యమ సాహిత్యం' అన్నాం, 'నిర్వాసిత సాహిత్యం' అన్నాం. 'గోదావరి సాహిత్యం' అనలేదు. ఆ లేబుల్‌కి పూతరేకుల తీపి ఉండాలి కాబోలు.

ఇప్పుడు ఎగువకి, చాలా ఎగువకి, రెండు వేల ఏళ్ళ వెనక్కి పోదాం. పైఠాన్ అప్పుడు ప్రతిష్ఠానం, శాతవాహనుల రాజధాని. హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత గాథాసప్తశతిలో గోదావరి పేరు 'గోలా'. మనకి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదం ఉంది. శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులోనే దాన్ని తెలుగు చేశాడంటారు గానీ అది దక్కలేదు. ఈ గాథల్లో ఒకటి భారతీయ కావ్యశాస్త్రంలో బహుశా అందరికన్నా ఎక్కువగా నలిగిన పద్యం. ఒకామె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటికి రోజూ ఒక ధార్మికుడు పూలకోసం వచ్చి పడుతుంటాడు. ఆమె అతనితో అంటుంది: ఇక హాయిగా తిరగవయ్యా, నిన్ను జడిపించే కుక్క చచ్చిపోయింది, గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం దాన్ని చంపేసింది. మాట 'రా' అంటుంది, అర్థం 'రాకు' అంటుంది. 9వ శతాబ్దంలో ఎక్కడో కాశ్మీరంలో కూర్చున్న ఆనందవర్ధనుడు ధ్వని అంటే ఏమిటో చెప్పడానికి ఈ గోదావరి పొదనే ఉదాహరణగా తీసుకున్నాడు.

అలంకారశాస్త్రం ఈ పద్యంలో మాట గురించి బోలెడు చర్చించింది. నాకు పొద మీద ఆసక్తి. సింహం వట్టిదే కావచ్చు, ఆమె అల్లిందే కావచ్చు. పొద మాత్రం నిజంగా ఉండి తీరాలి. మనిషి కనపడనంత దట్టంగా, సింహం ఉందంటే నమ్మేంత లోతుగా ఉండాలి. లేకపోతే ఆ అబద్ధం నిలబడదు, ధ్వని పుట్టదు. నది ఒడ్డున వరద వచ్చిపోయే నేల మీద పెరిగే ఆ పచ్చటి అంచు ఆ పద్యానికి అలంకారం కాదు, పునాది. గాథల్లో చాలాచోట్ల గోదావరి ఇలాగే పనిచేస్తుంది. వరదై దారి ఆపుతుంది, పొదై దాస్తుంది, రేవై కలుపుతుంది. మనుషులు ఆ నదితో వ్యవహారం నడుపుతారు. అందులో పాలు పంచుకున్న ఆడవాళ్ళు నది స్వభావం తెలిసి మాట్లాడతారు. దాన్ని చూసి మురిసే తీరిక వాళ్ళకి తక్కువ. ఇవాళ పైఠాన్ జాయక్‌వాడీ డ్యామ్ పక్క ఊరు. 1976లో కట్టడం పూర్తయింది. ఆ పొదని వెతుక్కోవాలంటే పుస్తకంలోనే.

సరే, మరి తెలంగాణ గోదావరికి కథలు ఎందుకు లేవు? డెల్టా వాళ్ళ ఆధిపత్యం అనేస్తే సులువు. అది కొంత నిజం. కానీ మొత్తం నిజం నేల ఎత్తుపల్లాల్లో ఉంది. మా వైపు గోదావరి లోతున పారుతుంది, పొలాలు పైన ఉంటాయి. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి, చేనికి రావు. అందుకే తెలంగాణలో నీళ్ళ సాహిత్యమంటే చెరువు, బావి, మోట, తర్వాత బోరు. గోరటి వెంకన్న పాటల్లో ఎండేది చెరువులూ వాగులే. నది పుణ్యానికి, బూడిద కలపడానికి, ధర్మపురి జాతరకి. శేషప్ప కవి నరసింహ శతకంలో పద్యం పద్యానికీ ధర్మపురి పేరు వస్తుంది. ఆ ఊరు గోదావరి గట్టునే ఉంది. అయినా ఆ శతకం చదివేవాడి చెవిలో నీళ్ళ చప్పుడు కన్నా ఆకలి చప్పుడు, అవమానం చప్పుడు ఎక్కువ వినిపిస్తాయి. అన్నం పెట్టిన నదిని ఒకలా రాస్తారు, పక్కనుంచి వెళ్ళిపోయిన నదిని ఇంకోలా. రెండూ గోదావరి గురించే కదా అని నా వాదన. నది పేరుతో వెలసిన బొగ్గు పట్నం గోదావరిఖనిలో జరిగే కథని కూడా ఆ షెల్ఫులో పెట్టాలంటాను.

పాత లెక్కని తిరగరాయడానికి కాళేశ్వరం వచ్చింది. మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల ఎత్తులో ఉన్న నీళ్ళని మెట్లుమెట్లుగా 600 మీటర్ల పైన ఉన్న కొండపోచమ్మ దాకా ఎక్కించే ప్రాజెక్టు. 2019 జూన్‌లో ప్రారంభం, 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. దాని మీద టీవీల్లో జరిగినంత చర్చ కథల్లో ఎప్పటికి జరుగుతుందో. ఇసక మీద కట్టడం గురించి కాటన్‌కి చోళులు చెప్పిన పాఠం ఒకటుంది. దాని జోలికి నేను వెళ్ళను, నేను చదివింది సివిల్ కాదు.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువ వెంటాడే పుస్తకం ఒక ఉపనది మీద వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు'. విశ్వనాథ భావాలతో నాకు పేచీలు చాలా ఉన్నాయి, మీకూ ఉండే ఉంటాయి. ఈ పుస్తకానికి అవి అడ్డం రావు. అత్త పెట్టిన బాధకి ఓర్చుకోలేక ఒక కోడలు అడవిలోకి పోయి కరిగి వాగైపోతుంది. పట్టుకోబోయిన మొగుడు రాయైపోతాడు. పారుతూ పోయే ఆమెని సముద్రుడు కోరితే భయపడిపోతుంది. గోదావరి ఆమెని తనలో కలుపుకుని కాస్తుంది. ఇక్కడ నది మనుషులకి సెట్టింగ్ కాదు, మనిషే నది. ఆ వాగుకి దుఃఖం ఉంది, భయం ఉంది, వెళ్ళాల్సిన చోటు ఉంది. పెద్ద నది అంటే ఏమిటో కూడా ఈ కథ ఒక మాటలో చెప్పేస్తుంది: దారిలో కలిసినవాళ్ళందరినీ మోసేది.

భూగోళం కూడా అదే చెప్తుంది. గోదావరి నీళ్ళలో సింహభాగం నాసిక్‌వి కావు. ప్రాణహిత ఒక్కటే పరీవాహకంలో మూడో వంతుకి నీళ్ళు దింపుతుంది, విదర్భ నుంచి. తర్వాత బస్తర్ నుంచి ఇంద్రావతి, ఒడిశా వైపు నుంచి శబరి. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి వేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చాయి. ఆ నీళ్ళు ఎక్కడెక్కడి అడవుల మీద కురిశాయో వాటి పేర్లు మన నవలల్లో వెతికితే దొరకవు. విశ్వనాథ రాసిన కిన్నెరసాని మీద 1960లలో డ్యామ్ కట్టారు. ఆ నీళ్ళు పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి వెళ్తాయి. అత్తింట్లో పడలేక కరిగిపోయిన పిల్ల ఇప్పుడు టర్బైన్లు చల్లబరుస్తోంది. దీన్ని ఎవరైనా కథ రాస్తే మ్యాజిక్ రియలిజం అంటాం.

నోస్టాల్జియాతో నా అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. నోస్టాల్జియాకి ఒక నియమం ఉంది: మారింది మనిషే, నది అలాగే ఉంది. ఊరొదిలి హైదరాబాద్, అక్కణ్ణుంచి డల్లాస్ వెళ్ళినవాడు మారిపోయాడు, తిరిగొస్తే రేవు అక్కడే ఉంటుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ కథ నడవాలంటే రేవు స్థిరంగా ఉండాలి. రేవు స్థిరంగా లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చెప్పారు: 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు దింపేది, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది ఎగువ డ్యాముల వెనక కూర్చుంది. డెల్టా అంటే ఏటేటా వచ్చిపడే మట్టితో సముద్రాన్ని వెనక్కి నెట్టే నేల. మట్టి రాకపోతే సముద్రం ముందుకొస్తుంది. గోదావరి మొగల దగ్గర తీరం కోసుకుపోతోందని వాళ్ళే శాటిలైట్ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపించారు. కాకినాడ ముందు తుఫాన్లకి అడ్డంగా నిలబడ్డ హోప్ ఐలాండ్ రెండొందల ఏళ్ళ కిందట లేనే లేదు. ఈ నది మోసుకొచ్చిన మట్టే దాన్ని కట్టింది. కోరింగ మడ అడవులు కూడా ఆ మట్టి మీదే నిలబడి ఉన్నాయి. తుఫాను అలని ముందు తాకేది అవి. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ ఏ పాళ్ళలో కలవాలో ఆ చెట్లకి లెక్క ఉంది. నది పంపే నీళ్ళు తగ్గితే ఆ లెక్క తప్పుతుంది.

ఇంకోలా చెప్తే, కోనసీమ మట్టి కోనసీమది కాదు. మరాఠ్వాడా నల్లరేగడి, విదర్భ, బస్తర్, మన్యం, మా మంచిర్యాల ఒడ్డు. వీటన్నిటి నుంచీ వేల ఏళ్ళు కొట్టుకొచ్చిన మట్టి. ఆ కొబ్బరిచెట్టు వేరు పట్టుకున్నది పరాయి ఊళ్ళ నేలని. ఎగువని వదిలేసి డెల్టా కథ రాస్తే సగం పాత్రల్ని తీసేసి కథ రాసినట్టే. మా ఆఫీసులో డౌన్‌స్ట్రీమ్ సర్వీసు పడిపోతే మొదట అప్‌స్ట్రీమ్ లాగులు తెరుస్తాం. ఆ మాటలు నదుల నుంచే మాకు వచ్చాయి. నది దగ్గర మాత్రం ఆ పని చేయం.

పులస సంగతే చూడండి. గోదావరి మీద రాసిన ప్రతివాళ్ళూ దాని మీద ఒక పేరా రాస్తారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత, బెండకాయలు వేసి మట్టిదాకలో వండటం, మర్నాటికి రుచి పెరగడం, ఈ ఏడాది కిలో ఎంత పలికిందో. నోరూరేలా రాస్తారు, కాదనను. కానీ ఆ చేప ఎందుకొస్తుంది? సముద్రంలో విలసగా ఉండి, వరద నీళ్ళ జాడ పట్టి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది. ధవళేశ్వరం దాకా వచ్చి ఆగిపోతుంది. 175 గేట్ల బ్యారేజీ ఉంది అక్కడ. బ్యారేజీకి ముందు ఆనకట్ట కూడా దాన్ని ఆపింది. ఆనకట్టలు పులసల దారి మూసేస్తున్నాయని 1870లలోనే ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రవేత్త ప్రభుత్వానికి రాసిచ్చాడు. మన 'గోదావరి రుచులు' వ్యాసాలన్నిటికన్నా అది ముందు రాసిన పులస వచనం. రుచి గురించి రాసినవాళ్ళు దాని దారి గురించి ఒక వాక్యం రాసినా నాకు చాలు.

పులస ఏటికి ఎదురెళ్తుందంటే ఆ రెండు సినిమాల పడవలు గుర్తొస్తాయి నాకు. పడవలు భద్రాచలం దాకా వెళ్ళాయి. చేప అక్కడిదాకా పోలేదు.

నన్నెవరూ అడగలేదు గానీ, పుష్కరాల సంకలనం నేను చేస్తే గాథాసప్తశతి పొదతో మొదలుపెడతాను. రాజశేఖర చరిత్రము మొదటి పేజీ, సమాసాలతో సహా ఉంటుంది. శేషప్ప ఉంటాడు. కిన్నెరసాని ఉంటుంది. గోదావరిఖని నుంచి ఒక కథ, ముంపు మండలాల నుంచి కనీసం రెండు. శ్రీపాద తప్పనిసరి, వంశీ తప్పనిసరి, రమణ లేకుండా ఎలా. ఒండ్రు లెక్కల పేపర్ని ఎవరైనా మంచి తెలుగులో రాసిస్తే అది కూడా. అప్పుడు ఆ పసలపూడి కాలవలో నీళ్ళు ఇంకాస్త చిక్కగా కనిపిస్తాయని నా నమ్మకం.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక సంగతి. 2015 చివరి నుంచి నగరం ఉత్తర, పడమర భాగాలకి గోదావరి నీళ్ళొస్తున్నాయి. మంచిర్యాల దగ్గరి ఎల్లంపల్లి నుంచి, 180 కిలోమీటర్ల పైగా పైపుల్లో. కూకట్‌పల్లి వైపు ఫ్లాట్లలో నల్లా తిప్పితే వచ్చే నీళ్ళలో ఆ ఒడ్డు వాటా ఉంటుంది. ఆ ప్రాజెక్టు పూర్తి పేరు శ్రీపాద ఎల్లంపల్లి. ఆ మధ్య సాహిత్యం ఇష్టపడే కొలీగ్ ఒకాయన నన్ను చాలా సంబరంగా అడిగారు, "ఏమండీ, మన వడ్లగింజల శ్రీపాదేనా?" అని. కాదండీ అని చెప్పాను. మంథని ఎమ్మెల్యేగా గెలిచి, ఉమ్మడి రాష్ట్రంలో స్పీకర్‌గా చేసిన డి. శ్రీపాదరావు గారు. మంథని ఎక్కడ అని అడిగారాయన. గోదావరి పక్కన అన్నాను.

"అంటే రాజమండ్రి దగ్గరా?"